తిరుపతిలో ఓపెన్ కెనూ: కొత్తవాళ్లు వచ్చేలా, జేబుకు భారం కాకుండా ఎట్లా మొదలుపెట్టాలి?

శేషాచలం తెడ్డు:
వైట్‌వాటర్ ఓపెన్ కెనూ అంటే పైన మూత లేని పడవలో మోకాళ్ల మీద కూర్చుని, ఒంటి తెడ్డుతో జోరు నీళ్లలో దిగే ఆట. మన తిరుపతి, చిత్తూరు వైపు కొండలెక్కేవాళ్లకు, ఈతగాళ్లకు కొదవ లేదు. అయినా నీళ్ల ఆటల మీద ఆసక్తి ఉన్నవాళ్లు నేరుగా పైన మూత ఉన్న కయాక్‌కే పోతున్నారు. ఎందుకో తెలిసిందే. ఈ పడవ మన దగ్గర అంగట్లో దొరికే వస్తువు కాదు. బయట కొత్తది పదిహేను వందల డాలర్లకు పైమాటే, దాని మీద మూడు మీటర్ల సరుకుకు రవాణా ఖర్చు. ఎలాగో ఒకటి సంపాదించినా, మొదటి రోజే మోకాళ్లు పట్టేసి, పడవ నీళ్లతో నిండి, ఎటు తెడ్డేసినా గుండ్రంగా తిరుగుతుంటే మనిషి రెండో రోజు రాడు.

నా ప్రతిపాదన ఇది. ఉమ్మడిగా మూడు పడవలు. కొత్తవాళ్ల చేత రెండో సీజన్ వరకూ ఏదీ కొనిపించకూడదు. పడవ, లోపలి అమరిక, నీళ్లు, నేర్పే వరుస, వీటిల్లో ఎవరికి ఏది బాగా తెలిస్తే అది కొలతలతో సహా రాయండి.

చిత్తూరు ఫైబర్:
పడవ సంగతి నేను రాస్తాను అన్నా. ఒకప్పుడు ఈ ఆటలో ఎక్కువ పడవలు రాయలెక్స్ షీటుతో వచ్చేవి. మధ్యలో ఫోమ్, రెండు పక్కలా ఏబీఎస్ ప్లాస్టిక్, పైన వినైల్ పొర. రాయికి గుద్దుకుని సొట్ట పడినా మళ్లీ ఆకారానికి వచ్చేది. 2014 ప్రాంతంలో ఆ షీటు తయారీ ఆగిపోయింది. తర్వాత కెనడాలో ఎస్కిఫ్ వాళ్లు టీ-ఫార్మెక్స్ అని దానికి బదులు తెచ్చారు. ఇప్పుడు పొట్టి పడవలు చాలావరకు పాలీఎథిలీన్ ప్లాస్టిక్‌వే. బరువు ఎక్కువ, కానీ రాళ్ల దెబ్బలకు బాగా తట్టుకుంటాయి.

మనకు అందేది ఫైబర్. తీరం వెంబడి చేపల పడవలు పోసే షెడ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఉంటారు. మూడు మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, నడుమ 38 నుంచి 40 సెంటీమీటర్ల లోతు, ముందూ వెనకా పడవ అడుగుభాగం 8 నుంచి 10 సెంటీమీటర్లు పైకి లేచి ఉండాలి. ఆ లేపుడు లేకపోతే పడవ తిరగదు, అలలోకి ముక్కు దూరుస్తుంది. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ మూడు పొరలు, మోకాళ్లు ఆనేచోట నాలుగు. విస్తీర్ణం సుమారు నాలుగు చదరపు మీటర్లు కాబట్టి మ్యాట్ ఐదున్నర కిలోలు, రెజిన్ పదమూడు, పద్నాలుగు కిలోలు పడుతుంది. అంచుకు చెక్క పట్టీ, రెండు అడ్డబద్దలు కలిపితే పడవ 23 కిలోల దగ్గర తేలుతుంది. ఇద్దరు సులభంగా మోస్తారు.

పోసేటప్పుడు జాగ్రత్త. రెజిన్‌ను గడ్డకట్టించే హార్డెనర్, రెజిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం. మన వేసవిలో రెండు శాతం కలిపితే బ్రష్ పెట్టేలోపే గడ్డకట్టేస్తుంది. తెల్లవారుజామున, ఒక శాతంతో, ఒక్కోసారి కిలోన్నరకు మించకుండా కలపండి. గడ్డకట్టడాన్ని వేగం చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, హార్డెనర్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిసిపోయాకే హార్డెనర్ వేయాలి.

ఈ పడవ చెరువుకీ, రాళ్లు తక్కువున్న ఒకటో తరగతి, అంటే అన్నిటికంటే తేలికైన పారే నీళ్లకీ చాలు. రాళ్ల మీద బలంగా పడితే పగులుతుంది. పగిలితే ఆరబెట్టి, చుట్టూ పది సెంటీమీటర్లు గరుకు కాగితంతో రుద్ది, లోపల రెండు పొరలు, బయట ఒక పొర వేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. అందుకే నేర్చుకునే పడవగా ఫైబర్ నాకు నచ్చుతుంది.

కొత్త తెడ్డు:
అన్నా, పాత ప్లాస్టిక్ కయాక్ తక్కువకు దొరికితే పైభాగం కోసేసి కెనూ చేసుకోవచ్చా? ఫైబర్ పని కూడా తప్పుతుంది కదా.

చిత్తూరు ఫైబర్:
వద్దు తమ్ముడూ. కయాక్‌కు బిగువు ఇచ్చేది పైన ఉన్న ఆ డెక్కే. అది కోసేస్తే పక్కలు మెత్తబడి, రాయికి అడ్డం పడ్డప్పుడు పడవ నడుమ మడుచుకుంటుంది, కాళ్లు లోపలే చిక్కుకుంటాయి. ఒక లెక్క చూడు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో పారే నీళ్లు, అడ్డంగా రాయికి అంటుకున్న మూడు మీటర్ల పడవ మీద సుమారు 650 కిలోల బరువంత ఒత్తిడి పెడతాయి. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. కోసిన ప్లాస్టిక్ దాని ముందు నిలవదు.

మోకాలి దిండు:
కొత్తవాళ్లు మానేసేది భయంతో కంటే నొప్పితోనే ఎక్కువ. కాబట్టి ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు కూర్చునే దిమ్మె, అదే శాడిల్.

ఏసీ డక్టులకు వాడే క్రాస్‌లింక్డ్ ఫోమ్ షీట్లు 50 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతాయి. వాటిలో మెత్తటి రకం వద్దు, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా మాత్రమే దిగేది తీసుకోండి. 75 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పుతో ఐదు ముక్కలు కోసి అతికిస్తే 25 సెంటీమీటర్ల దిమ్మె అవుతుంది. కూర్చునే చోట గుంటలా చెక్కితే అక్కడ ఎత్తు 22, 23కు వస్తుంది. కోయడానికి పళ్లున్న బ్రెడ్ కత్తి, నునుపుకు 40 నంబరు గరుకు కాగితం.

అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు. రెండు వైపులా పలచగా రాసి, పదీ పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడే కలపాలి. తడిగా ఉండగా కలిపితే లోపలి ద్రావకం బయటికి పోక వారం తర్వాత కూడా జారుతుంది. ఇదే జిగురు థర్మాకోల్‌ను కరిగించేస్తుంది, దాంతో ప్రయోగాలు వద్దు. ఫైబర్ పడవ అడుగును గరుకు చేసి అంటిస్తే పట్టుకుంటుంది. పాలీఎథిలీన్‌కు మాత్రం ఏ జిగురూ సరిగా పట్టదు. అక్కడ దిమ్మెను అడ్డబద్దకు, అడుగుకు మధ్య బిగించాలి, తొడలను పట్టి ఉంచే పట్టీలకు బోల్టులే దారి.

ఎత్తు విషయంలో అందరూ ఒకే పొరపాటు చేస్తారు. తక్కువ ఎత్తు అయితే పడవ నిలకడగా ఉంటుందని 18 సెంటీమీటర్లకు దించేస్తారు. అప్పుడు బరువంతా మడమల మీద పడి, పదిహేను నిమిషాల్లో పాదాలు తిమ్మిరెక్కుతాయి. కొత్తవాళ్లకు ఒక సెంటీమీటరు ఎక్కువ ఎత్తు ఉండటమే మేలు. మోకాళ్ల కింద 15 నుంచి 20 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్, రెండూ వీలైనంత ఎడంగా, పడవ మూలలకు ఆనేలా. చీలమండల కింద పది సెంటీమీటర్ల మందం ఫోమ్ చుట్ట పెడితే పాదం వెనక్కి లాగినట్టు ఉండదు. నేల మీద బాసిపట్టు వేసే అలవాటు ఉన్నవాళ్లు కూడా ఇరవై నిమిషాలకొకసారి దిగి నడవాలి, ఇది శిక్షకుడే గడియారం చూసి చెప్పాలి.

తొడ పట్టీలు 50 మిల్లీమీటర్ల వెడల్పు. కాళ్లు చాచగానే వాటంతట అవే జారిపోయేంత వదులు ఉండాలి. చెరువులో మొదటి నెల పట్టీలే వద్దు.

పులికాట్ గడకర్ర:
నీళ్లు నిండే సమస్య నేను రాస్తా. పైన చెప్పిన కొలతల పడవ అంచుదాకా నిండితే రొవంత అటూ ఇటూగా 500 లీటర్లు, అంటే అర టన్ను. దాన్ని గట్టుకు లాగేదానికి ఎవురి వల్లా కాదు. గాలి ఎంత చోటు ఆక్రమిస్తే అంత నీళ్లు తగ్గుతాయి. అందుకే ముందూ వెనకా ఎయిర్‌బ్యాగులు, అంటే గాలి ఊదిన సంచులు పెడతారు.

శానా తక్కువలో చేయాలంటే రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలు. ఒక్కో వైపు ముప్పై. మూత బిగించి, మూత మీద ఒక చుట్టు టేపు. చేపల వలతో సంచి కుట్టి అందులో పేర్చి, కొసలోకి తోసి కట్టల్ల. అరవై సీసాలంటే 120 లీటర్లు. సీసాల మధ్య సందుల్లో నీళ్లు చేరతాయి కాబట్టి ఇది చెరువుకు మాత్రమే. ప్రతి వారం నలిగినవి తీసి మార్చల్ల. వల మాత్రం సన్న కన్నుది, తెగిన పోగులు వేలాడకుండా ఉండల్ల. వేలు, బొత్తాం, చెవి కమ్మ చిక్కుకుంటే ప్రమాదం.

ఏటికి పోయేటప్పుడు సంచులే కావల్ల. బయోఫ్లాక్ చేపల ట్యాంకులు అతికించేవాళ్ల దగ్గర 650 గ్రాముల పీవీసీ తార్పాలిన్, వేడిగాలి మిషను రెండూ ఉంటాయి. పడవ కొస ఆకారానికి అట్ట కత్తిరించి ఇస్తే ముక్కోణపు సంచి అతికిస్తారు. అతుకు వెడల్పు 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాలి ఊదేదానికి స్విమ్మింగ్ ట్యూబు వాల్వు చాలు. అడ్డబద్ద దాకా ఒక్కో వైపు నిండా కూర్చుంటే పడవలోకి పట్టే నీళ్లు సగానికి పైగా తగ్గిపోతాయి.

సంచి ఎగిరిపోకుండా పైన తాడు అల్లిక. అంచుకు కింద పది సెంటీమీటర్లకొక రంధ్రం, 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు అడ్డం అడ్డంగా, నడిమిన పొడవునా ఒక పట్టీ. తాడు వీణ తీగలా బిగువుగా ఉండల్ల. వదులైతే అందులో పాదం దూరుతుంది.

ఎండ సంగతి మరవద్దండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఊది, మధ్యాహ్నం దాకా గట్టున పెడితే లోపల ఒత్తిడి పెరిగి అతుకు విడిపోతుంది. గట్టుకు ఎక్కగానే వాల్వు రొవంత వదలండి. నీళ్లలోకి దిగినాక చల్లబడి మెత్తబడుతుంది, అప్పుడు మళ్లీ రెండు ఊదులు.

కొత్త తెడ్డు:
కరెంటు పంపు పెట్టుకుంటే ఈ తంటా తప్పుతుంది కదా? వీడియోల్లో చిన్న బ్యాటరీతో నడిచే పంపులు కనిపిస్తాయి.

పులికాట్ గడకర్ర:
గంటకు 500 గ్యాలన్ల పంపు అంటే కాగితం మీద నిమిషానికి 31 లీటర్లు. పైపు పైకెక్కి, వంకర తిరిగేసరికి అంత రాదు. అలల్లో ఒక బక్కెట, రెండు బక్కెట్లు లోపల పడితే ఆగకుండా తెడ్డేసుకుంటూ పోయేదానికి బాగుంటుంది. పడవ మొత్తం నిండితే అది పనికిరాదు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ యూపీఎస్ బ్యాటరీ రెండు కిలోల పైన బరువు, వెయ్యి రూపాయల దగ్గర. వైర్ల అతుకుల్లో నీళ్లు చేరి పాడయ్యేది ఎక్కువ. కొత్తవాళ్లకు ఐదు లీటర్ల నూనె డబ్బా ఏటవాలుగా కోసి, పిడికి తాడు కట్టి ఇవ్వండి. పంపు తర్వాత చూసుకోవచ్చు.

స్వర్ణముఖి గట్టు:
నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. స్వర్ణముఖికి నీళ్లొచ్చాయని విని పడవ తీసుకుని పరిగెత్తవద్దు. మన ఏర్లు అక్టోబరు నుంచి డిసెంబరు వానలకు నాలుగు రోజులు పొంగి తగ్గిపోయేవి. 2021 నవంబరులో ఎంత పొంగాయో అందరం చూశాం. ఆ నీళ్లలో మూడు గండాలు ఉంటాయి.

ఒకటి చెక్‌డ్యాములు, కాజ్‌వేలు. మీటరు, మీటరున్నర ఎత్తే కదా అనిపిస్తుంది. నీళ్లు అంచు దాటి కిందపడి, అడుగున ముందుకు పోయి, పైన వెనక్కి గోడవైపే తిరుగుతాయి. ఆ తిరుగుడులో పడిన పడవనీ మనిషినీ మళ్లీ మళ్లీ గోడకే లాగుతుంది. నురగలో గాలి ఎక్కువ కాబట్టి లైఫ్ జాకెట్ కూడా మామూలంత తేల్చదు. గట్టు నుంచి గట్టుకు సరిసమానంగా కట్టినది కాబట్టి పక్కకు తప్పించుకునే దారి ఉండదు. సహజమైన రాళ్ల ఏట్లో ఎక్కడో ఒక సందు ఉంటుంది, ఇక్కడ ఉండదు.

రెండోది సర్కారు తుమ్మ. ఏటి గర్భంలోనే పెరిగి ఉంటుంది. నీళ్లు కొమ్మల గుండా పోతాయి, మనిషి ఆగిపోతాడు, వెనక నీళ్లు నొక్కి పెడతాయి. తోటల ముళ్లకంచెలు కూడా అదే పని చేస్తాయి. మూడోది ఊరి మురుగు. గీసుకుపోయిన చర్మంతో ఆ నీళ్లలో ఉండకూడదు.

తలకోన సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధి. కల్యాణి డ్యాం తాగునీటిది. రెండూ వదిలేయండి. తెలుగుగంగ కాలువలో కూడా వద్దు. లైనింగ్ ఏటవాలు గోడలకు పాకుడు పట్టి ఎక్కిరావడానికి పట్టు దొరకదు.

మిగిలేది చెరువులు. డిసెంబరు నుంచి మార్చి దాకా మన చెరువుల్లో నిలకడ నీళ్లు ఉంటాయి. దిగేముందు పంచాయతీని, చెరువు చేపల పాట పాడుకున్నవాళ్లను కలవాలి. వల ఎటు వేశారో, ఏ రోజు తీస్తారో వాళ్లకే తెలుసు. నైలాన్ వల నీళ్లలో కనిపించదు, తెడ్డుకు చుట్టుకుంటే వాళ్ల వల తెగుతుంది, మన మనిషి మునుగుతాడు. పెద్ద జలాశయమైతే జలవనరుల శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. తూము, కలుజు దగ్గరికి వంద మీటర్ల లోపు పోకూడదని మొదటి రోజే హద్దు పెట్టండి, తేలే డబ్బా ఒకటి లంగరేసి గుర్తు పెట్టండి.

శేషాచలం తెడ్డు:
మరి జోరు నీళ్లు ఎక్కడ చూపించాలి? చెరువులోనే ఉంటే అది వైట్‌వాటర్ కాదు కదా.

స్వర్ణముఖి గట్టు:
సీజనుకు ఒక్కసారి కలిసి బయటికి పోవాలి. డ్యాం నుంచి నీళ్లు వదిలే ఏర్లు కొత్తవాళ్లకు మంచివి. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక నది, భీరా విద్యుత్ కేంద్రం నుంచి పొద్దున వదిలే నీళ్లతో నడుస్తుంది. కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది సుపా డ్యాం కింద. రాఫ్టింగ్ నడిపేవాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి వాళ్లతో మాట్లాడుకుని ఒక రాఫ్టును కాపలా పడవగా తోడు తీసుకోవచ్చు. అక్కడ కూడా మొదటి రోజు ఏటి మొత్తం పొడవు దిగకుండా, రాయి వెనక నిలకడ నీరు ఉన్న ఒకే చోటు ఎంచుకుని, అక్కడే ఎక్కి దిగి పూటంతా గడపాలి.

వానాకాలంలో కేరళలోని కోళికోడ్ దగ్గర చాలిపుళ, ఇరువంజిపుళ ఏర్ల మీద మలబార్ రివర్ ఫెస్టివల్ అనే కయాక్ పోటీ జరుగుతుంది. ఆ నీళ్లు కొత్తవాళ్లు దిగడానికి కాదు. ఆరితేరినవాళ్లు నీళ్లను ఎలా చదువుతారో గట్టున నిలబెట్టి చూపించడానికి తీసుకుపోతే ఆసక్తి ఎంతో పెరుగుతుంది.

తెడ్డు మేస్త్రి:
తెడ్డు గురించి ఎవరూ రాయలేదు. కొత్తవాళ్లకు టీ ఆకారం పిడితో 142 నుంచి 147 సెంటీమీటర్ల పొడవు, నీళ్లలో మునిగే ఆకు వెడల్పు 20, పొడవు 48 నుంచి 50. కర్ర మందం 30 మిల్లీమీటర్లు. టేకు గట్టిదే గానీ బరువు. ప్యాకింగ్ పెట్టెల పైన్‌లో కణుపు లేని ముక్క ఏరుకుంటే తేలికగా ఉంటుంది. నార నిలువునా సూటిగా పోవాలి. పక్కకు తిరిగిన నార ఉన్న కర్ర మొదటి బలమైన తోపుకే ఆకు మెడ దగ్గర విరుగుతుంది. ఆకుకు ఐఎస్ 710 మార్క్ ఉన్న 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై. మామూలు ప్లై నీళ్లకు నానితే పొరలు విడుతుంది. ఆకు కొసకు 200 గ్రాముల గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ. ఏటికి పోయేటప్పుడు మాత్రం పడవకు ఒక అదనపు తెడ్డు కట్టి ఉండాలి.

గాజులమండ్యం అక్క:
ఆడవాళ్ల సంగతి ఒకటి ఇక్కడే మాట్లాడుకోవాలి. బ్యాచులో నలుగురు ఆడపిల్లలు ఉండాలంటే పడవ కంటే ముందు గట్టున బట్టలు మార్చుకునే చోటు కావాలి. నాలుగు వెదురు కర్రలు, తార్పాలిన్ చాలు. చున్నీ, వదులు చుడీదార్ వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. నైలాన్ ట్రాక్ ప్యాంటు, నిండు చేతుల టీషర్టు ఉంటే ఎండకూ మంచిదే. జడ లైఫ్ జాకెట్ లోపలికి వేసుకోవాలి, హెల్మెట్ మెడపట్టీ జడ మీద పడకూడదు. గాజులు, కాలి పట్టీలు, తాళిబొట్టు గొలుసు విషయం ముందురోజే ఫోనులో చెప్పండి. గట్టున అందరి ముందు తీయమంటే ఇబ్బంది పడతారు. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగిస్తే ఇంట్లో పెద్దవాళ్లు కూడా అభ్యంతరం చెప్పరు.

శేషాచలం తెడ్డు:
అక్కా, ఇది మొదటి సందేశంలోనే నేను రాయాల్సిన విషయం. బ్యాచు నియమాల్లో పెడుతున్నాను.

ఇక నేర్పే వరుస. తెడ్డు పట్టించే ముందు నడుము లోతు నీళ్లలో పడవను తిప్పి బయటికి రావడం నేర్పాలి. మూడు సార్లు బోల్తా పడి, పడవను, తెడ్డును వదలకుండా గట్టుకు ఈదినవాడికి తర్వాత నీళ్ల భయం సగం తగ్గుతుంది. ఆ తర్వాతే తెడ్డు.

పడవ గుండ్రంగా తిరగడానికి కారణం తెడ్డు చాలా వెనక దాకా లాగడం. తెడ్డు మోకాలికి ముందు నీళ్లలో మునిగి, తొడ దగ్గరే బయటికి రావాలి. కర్ర నిలువుగా, పడవకు ఆనుకుని నడవాలి. పడవను తెడ్డు వైపుకు కొద్దిగా వాలిస్తే ఆ అడుగు వంపు వల్ల పడవ తెడ్డు వైపే తిరగాలని చూస్తుంది. ప్రతి తోపూ దాన్ని అవతలికి నెడుతుంది. రెండూ సరిపోయినప్పుడు పడవ సూటిగా పోతుంది, దిద్దుబాటు తోపులతో వేగం పోగొట్టుకోనక్కరలేదు. తోపు చివర తెడ్డును బయటికి తిప్పి పడవను దిద్దే జె తోపుతో మొదలుపెట్టి నెలలు గడిపే పద్ధతి పొట్టి పడవలకు సరిపడదు. ఆ తర్వాత పడవను తెడ్డు వైపుకు లాగే డ్రా, తెడ్డు నుంచి అవతలికి నెట్టే ప్రై, నడుము తిప్పి తెడ్డును అవతలి వైపుకు తీసుకుపోయే క్రాస్ డ్రా, చివరగా బోల్తా పడకుండా ఆకును నీళ్ల మీద నొక్కే లో బ్రేస్. ఈ నాలుగూ చెరువులో కుదిరితేనే ఏటికి.

చిత్తూరు ఫైబర్:
ఖర్చు లెక్క. ఇప్పటి ధరల్లో పడవ ఒక్కొక్కదానికి ముడిసరుకు ఐదారు వేలు. మోల్డు, కూలి వేరు. మోల్డు ఒకసారి చేస్తే మూడు పడవలకూ అదే. జాకెట్, హెల్మెట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. పెద్దవాళ్లకు కనీసం 50 న్యూటన్ల తేలుడు శక్తి, అంటే సుమారు ఐదు కిలోలు పైకెత్తే జాకెట్. నడుము పట్టీ బిగించి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవులదాకా రాకూడదు. హెల్మెట్ మీద ఈఎన్ 1385 గుర్తు చూడండి, అది జోరు నీళ్ల ఆటల హెల్మెట్లకు యూరప్ ప్రమాణం. సైకిల్ హెల్మెట్ లోపలి థర్మాకోల్ ఒక్క దెబ్బకే పనైపోతుంది, ఏట్లో ఒకే ఈతలో తలకు మూడు దెబ్బలు తగలొచ్చు. పన్నెండు మంది బ్యాచుకు పన్నెండు అక్కర్లేదు, మూడు పడవల్లో ఉండేవాళ్లకు, నీళ్లలో పడ్డవాళ్లకు విసరడానికి గట్టున తాడు పట్టుకునేవాళ్లకు కలిపి ఆరు సెట్లు చాలు.

కొత్త తెడ్డు:
గట్టున తాడు అంటే ఏ తాడు? మామూలు నైలాన్ సరిపోతుందా?

స్వర్ణముఖి గట్టు:
నైలాన్ మునుగుతుంది తమ్ముడూ. నీళ్ల మీద తేలే పాలీప్రొపిలీన్ తాడు, 8 మిల్లీమీటర్లు, 18 మీటర్లు. సంచిలో చుట్టలు చుట్టకుండా పిడికిళ్లతో కుక్కుతూ నింపాలి, అప్పుడే విసిరితే చిక్కుపడకుండా విచ్చుకుంటుంది. సంచి అడుగున చిన్న ఫోమ్ ముక్క, తాడు పోయాక కూడా సంచి తేలడానికి. కొనకు చేయి దూరేంత ఉచ్చు వేయకండి, మణికట్టుకు చుట్టుకోకండి. ఈదుతున్నవాడి తలకు అవతల పడేలా విసరాలి, అతను తాడును ఛాతీ మీద పట్టుకుని వెల్లకిలా తిరగాలి. పడవకు ముందూ వెనకా కట్టే తాళ్లు కూడా ఇదే రకం, నాలుగున్నర మీటర్లు, అల్లిక కింద దోపి ఉంచాలి గానీ వేలాడకూడదు. ఆదివారం గట్టున ఎవరికైనా ఖాళీ ఉంటే ఖాళీ జాకెట్‌ను నీళ్లలో వదిలి దాని మీదకు విసరడం చేయించండి, పదిలో ఏడు చేయి అందేంత దూరంలో పడేదాకా ఆ మనిషిని కాపలాకు పెట్టవద్దు.